వడ్డించే మనిషిని తీసేసి, వడ్డన ఖర్చు మా మీద వేయకండి: బెంగళూరులోని ఆంధ్ర రెస్టారెంట్ల యజమానులకు బహిరంగ లేఖ

బెంగళూరులో ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ రుచుల పేరుతో రెస్టారెంట్లు నడుపుతున్న యజమానులకు, వాటి మేనేజర్లకు, రెస్టారెంట్ యజమానుల సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

మేము మారతహళ్లి, మహదేవపుర, బెళ్లందూరు, కసవనహళ్లి ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలం. ఆదివారం మధ్యాహ్నం మీ గుమ్మం ముందు టోకెన్ పట్టుకుని నిలబడేది మేమే. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మీ దగ్గరికే తీసుకొస్తాం. ఉద్యోగం మారినా, పిల్లలు పరీక్ష గట్టెక్కినా, ఇంట్లో గ్యాస్ అయిపోయినా మాకు ముందు గుర్తొచ్చేది మీరే. మీ వంట మీద మాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఆ వంటకూ మాకూ మధ్య ఈ నాలుగైదేళ్లలో వచ్చి కూర్చున్న వాటి గురించే ఈ ఉత్తరం.

ఇందులో మీరు మొదటిసారి వింటున్నది ఏదీ లేదు. ఫీడ్‌బ్యాక్ కార్డుల మీద రాశాం. మేనేజర్లను పక్కకు పిలిచి చెప్పాం. బిల్లు ఫొటోలు జతచేసి ఈమెయిళ్లు పంపాం. ‘మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది, దాని కింద వచ్చేసారికి 15 శాతం తగ్గింపు కూపన్. కూపన్ మేము అడగలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాం.

కొత్తగా వచ్చినవన్నీ చెడ్డవని మా ఉద్దేశం కాదు. యూపీఐ వచ్చాక చిల్లర గొడవ పోయింది. వంటగదికి అద్దం గోడ పెట్టినవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. ఫోన్‌లోనే పేరు రాయించుకుని ఎంతసేపు పడుతుందో చెబుతున్నారు కాబట్టి పెద్దవాళ్లకు ఫుట్‌పాత్ మీద నిలబడే బాధ తప్పింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు మెనూలోకి ఎక్కడం అందరికీ నచ్చింది. మాకు మింగుడుపడనిది వేరే ఉంది. వడ్డించే మనిషిని టేబుల్ దగ్గర నుంచి తప్పిస్తున్నారు, ఆయన పని మా చేత చేయిస్తున్నారు, ఆపైన ఆ పనికి మా దగ్గరే డబ్బు తీసుకుంటున్నారు. కింద ఉన్న సంగతులన్నీ దాదాపుగా దీని చుట్టూ తిరిగేవే.

1. మెనూ కార్డు ఏమైంది?

కరోనా రోజుల్లో ఒకరు పట్టుకున్న కార్డు ఇంకొకరు ముట్టుకోకూడదని క్యూఆర్ కోడ్ పెట్టారు. అప్పుడు ఎవరూ కాదనలేదు. కరోనా పోయింది, కార్డు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు టేబుల్ మీద ఉండేవి టిష్యూల డబ్బా, ఆ నలుపు తెలుపు గళ్ల స్టిక్కరు. దాన్ని స్కాన్ చేయాలంటే ముందు నెట్ రావాలి. బేస్‌మెంట్ హాలులో అది రాదు. వస్తే పేరు అడుగుతుంది, ఫోన్ నంబరు అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది. అది కొట్టాక మాక్‌టెయిల్స్ కనిపిస్తాయి, తర్వాత షెఫ్ స్పెషల్స్, తర్వాత చైనీస్. మేము వచ్చిన పని, అంటే భోజనం, ఎక్కడో అట్టడుగున ఉంటుంది.

మాలో ఒకరి తండ్రి కాకినాడ నుంచి వచ్చారు. ఆయనది బటన్ల ఫోన్. ‘స్కాన్ చేయండి అంకుల్’ అని కుర్రాడు చెప్పి వెళ్లిపోయాడు. కొడుకు తన ఫోన్‌లో తెరిచి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు. ధరలు చదవొద్దని కోడలు సైగ చేసింది. పెద్దాయన కాసేపు విని, ‘నువ్వేది చెబితే అదే తింటాలేరా’ అన్నారు. చేతిలో కార్డు ఉంటే ఆయనే చదువుకునేవారు. ధర చూసి తనకు తోచింది ఎంచుకునేవారు, రొయ్యల వేపుడు ఇంత రేటా అని నాలుగు తిట్టేవారు కూడా. ఎనభై ఏళ్ల వయసులో నలుగురిలో ఇంకొకరి ఫోన్ మీద ఆధారపడి అన్నం తినాల్సి రావడం చిన్న విషయంగా మీకు అనిపించవచ్చు. ఆయనకు అనిపించలేదు. తర్వాతి ఆదివారం ‘ఇంట్లోనే పప్పుచారు పెట్టుకుందాం’ అన్నారు.

2. లేని సేవకు ఛార్జీ

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ క్యాషియర్లు మాకు చెప్పేదీ, చట్టం చెప్పేదీ ఒకటి కావు.

2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు. పేరు మార్చి కూడా తీసుకోకూడదు. ఇష్టమైతేనే ఇవ్వొచ్చని కస్టమర్‌కు స్పష్టంగా చెప్పాలి. ఇవ్వనన్నాడని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. దాన్ని బిల్లులో కలిపేసి మొత్తం మీద జీఎస్టీ వేయడం కూడా కుదరదు. వీటి మీద రెస్టారెంట్ల జాతీయ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, అదే నెలలో స్టే వచ్చింది. ఆ స్టే ఉన్నన్నాళ్లూ మీరు దాన్ని మాకు చూపించారు, మేమూ ఊరుకున్నాం. 2025 మార్చి 28న అదే హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చి, పిటిషన్ వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి, అది వాళ్ల హక్కు. కానీ అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు చెరిగిపోదు కదా.

ఇప్పుడు మా బిల్లు చూడండి. నలుగురం రెండు వేల రూపాయలకు తిన్నాం. 5 శాతం జీఎస్టీతో 2,100 కావాలి. మీరు 10 శాతం సర్వీస్ ఛార్జీ కలిపి 2,200 చేసి, దాని మీద జీఎస్టీ వేస్తే 2,310. అంటే మేము ఒప్పుకోని 200కు తోడు, దాని మీద ఇంకో పది రూపాయల పన్ను. తీసేయమంటే ‘సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్, మేనేజర్ రావాలి’ అంటారు. మేనేజర్ వచ్చేసరికి వెనక ఇంకో కుటుంబం మా కుర్చీల కోసం నిలబడి మా వైపే చూస్తూ ఉంటుంది. పిల్లలు చూస్తుంటారు, అత్తగారు చూస్తుంటారు. రెండు వందల కోసం పేచీ పెట్టే మనిషిలా కనిపించడం ఎవరికి ఇష్టం? మెల్లగా ఫోన్ తీసి కట్టేస్తాం. ఈ మొహమాటమే మీకు నెలనెలా వచ్చే ఆదాయం. ఈమధ్య కొన్ని చోట్ల సర్వీస్ ఛార్జీ అనే మాట మాయమై ‘స్టాఫ్ వెల్ఫేర్’, ‘స్టాఫ్ కంట్రిబ్యూషన్’ అనే వరుస కనిపిస్తోంది. మార్గదర్శకాల్లో పేరు మార్చకూడదన్న వాక్యం ఉన్నది సరిగ్గా ఇందుకే.

మీ కష్టం మాకు తెలియదని అనుకోవద్దు. 2017 నవంబరు నుంచి రెస్టారెంట్లకు 5 శాతం జీఎస్టీ పెట్టినప్పుడు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసేశారు. అద్దె మీద, కొన్న సామాను మీద మీరు కట్టిన పన్ను వెనక్కి రాదు. 2025 ఏప్రిల్ నుంచి నందిని పాలు లీటరుకు నాలుగు రూపాయలు పెరిగాయి, మీ టీ కాఫీ ధరలు కూడా పెరగక తప్పలేదు. పెంచండి. మెనూలో భోజనం 320 అని రాయండి, 340 అని రాయండి, చూసుకుని వచ్చేవాళ్లం వస్తాం. గుమ్మం బయట ఒక ధర, బిల్లులో ఇంకో ధర అంటేనే ఒళ్లు మండుతుంది.

ఈ ఊళ్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 1980లలో జయనగర్ వైపు మొదలైన దర్శినుల్లో కుర్చీలు ఉండవు, వడ్డన ఉండదు. కౌంటర్ దగ్గర కూపన్ కొని, ప్లేటు మనమే తెచ్చుకుని, నిలబడి తిని వెళ్లిపోవాలి. ఇన్నేళ్లలో దాని మీద ఎవరూ గొడవ చేయలేదు, ఎందుకంటే వడ్డన తీసేసినప్పుడు ధర కూడా తగ్గింది. మరో పక్క గాంధీబజార్‌లో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌కు వెళ్లండి. డజనుకు పైగా దోసె ప్లేట్లు చేతి మీద పేర్చుకుని వచ్చి, ఎవరి దోసె వాళ్ల ముందు పెట్టి వెళ్లే మనిషి ఇప్పటికీ ఉన్నాడు. రెండూ న్యాయమైన పద్ధతులే. మీరు దర్శిని పని మా చేత చేయించి, పెద్ద హోటల్ బిల్లు వేస్తున్నారు.

3. నంబరు ఎందుకు?

బిల్లుకు నంబరు, టోకెన్‌కు నంబరు, మెనూకు నంబరు. రెండో రోజు నుంచి వాట్సాప్‌లో ‘హాయ్ ఫుడీ’ అని మొదలు. బిల్లు ఇవ్వడానికి ఫోన్ నంబరు కోసం పట్టుపట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు సూచించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, చెప్పిన పనికి ఎంత అవసరమో అంత వివరమే, మనిషి ఒప్పుకుంటేనే తీసుకోమంటోంది. పెసరట్టు తినడానికి పుట్టినరోజు తేదీ ఎందుకో మాకు అర్థం కాలేదు.

4. మారు వడ్డన

రెసిడెన్సీ రోడ్డు మీద 1980ల నుంచీ అరిటాకు వేసి భోజనం పెట్టిన హోటళ్ల పుణ్యమా అని ఈ ఊళ్లో ఆంధ్రా మీల్స్‌కు ఒక పేరు వచ్చింది. కన్నడిగులు, తమిళులు, మలయాళీలు కూడా దాని కోసం ఎండలో నిలబడ్డారు. ఆకు వేయగానే ఉప్పు, పచ్చడి, పప్పు. కందిపొడి మీద నెయ్యి పడేవరకు చెయ్యి పెట్టకూడదు. అన్నం బుట్టతో ఒకాయన, పప్పు బకెట్‌తో ఒకాయన, పక్క నుంచి చిల్లీ చికెన్ ప్లేటు చూపిస్తూ ‘వేయమంటారా సార్’ అని ఇంకొకాయన. వద్దన్నా కొసరి వేసేవాళ్లు. వాళ్లలో కొందరికి మనం పెరుగు దగ్గరికి వచ్చామా, ఇంకా పులుసు దగ్గరే ఉన్నామా అన్నది దూరం నుంచి ఆకు చూస్తే తెలిసిపోయేది.

ఇప్పుడు ‘ప్రీమియం ఆంధ్ర థాలీ’ వస్తోంది. పెద్ద పళ్లెం, దాని చుట్టూ బొటనవేలు పట్టని గిన్నెలు. పప్పు మూడు ముద్దలకు వస్తుంది. రెండోసారి అడిగితే ‘ఎక్స్‌ట్రా సార్, 60 రూపాయలు’. నెయ్యి విడిగా, అప్పడం విడిగా, గోంగూర పచ్చడి విడిగా. పళ్లెంలో ఉన్నది అరిటాకు కాదు, ఆకు బొమ్మ అచ్చేసి ప్లాస్టిక్ పూత పూసిన కాగితం. దాని మీద పొగలు కక్కే అన్నం. ఇడ్లీ గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు వాడొద్దని 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం చెప్పింది. వేడి తిండి ప్లాస్టిక్ మీద పడకూడదన్న ఆ జాగ్రత్త మీ పళ్లేనికి వర్తించదా? ఆకు దొరకని రోజు ఉత్త స్టీలు కంచంలో పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

దీని దెబ్బ ఎక్కువగా తగిలేది పీజీల్లో ఉండే పిల్లలకు. వారమంతా పీజీ సాంబారు తిని, ఆదివారం ఒక్కపూట కడుపు నిండా తిందామని వచ్చే ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఆంధ్రా మీల్స్ అంటే అన్నం లెక్క చూసుకోకుండా తినడం. వాడి చేతిలో ఇప్పుడు మీరు పెట్టిన చిట్టి గిన్నె ఉంది. బిర్యానీ తింటే నయం అనుకుని వెళ్లిపోతాడు.

గోంగూర మటన్‌లో క్రీమ్ పోయడం గురించి కూడా రాద్దామనుకున్నాం. రుచి ఎవరి ఇష్టం వాళ్లదని కొందరు వారించారు. రాస్తున్న నాకు మాత్రం అది నేరంగానే అనిపిస్తుంది.

5. చీకటి, చప్పుడు

దీపాలు తగ్గిస్తే హాలు గొప్పగా కనిపిస్తుందని మీకు ఎవరో ఇంటీరియర్ డిజైనర్ చెప్పి ఉంటారు. చేపల పులుసు తినేవాడిని అడగలేదు. ఆ పసుపు మసక వెలుతురులో బొచ్చె ముక్క విప్పి ముల్లు ఏరడం, పక్కన కూర్చున్న ఐదేళ్ల పిల్లకు ముల్లు లేకుండా పెట్టడం ఎంత కష్టమో ఒకసారి మీరే కూర్చుని చూడండి. మాలో ఒకావిడ ఫోన్ టార్చి వెలిగించి పిల్లకు అన్నం కలిపి పెట్టింది. ఎవరో నవ్వారు కూడా.

చప్పుడు సంగతి మరీ ఘోరం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వాణిజ్య ప్రాంతాల్లో పగలు 65 డెసిబెల్స్, రాత్రి 55 అని హద్దు పెట్టాయి. అది వీధుల లెక్క, మీ హాలుకు పెట్టిన లెక్క కాదు, నిజమే. కానీ తలుపు తీసి బయటికి వస్తే ఔటర్ రింగ్ రోడ్డు ప్రశాంతంగా అనిపించే స్థితి ఉండకూడదు. వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దవాళ్లకు డప్పు పాట, గిన్నెల చప్పుడు, మాటలు అన్నీ కలిసి ఒకటే హోరు. యంత్రం తీసి జేబులో వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిని లేస్తున్నారు. మధ్యలో ఎవరిదో పుట్టినరోజైతే దీపాలన్నీ ఆర్పేసి, స్పీకర్లు పెంచి, హాలంతటి చేతా చప్పట్లు కొట్టిస్తారు. వాళ్ల పుట్టినరోజుకు వాళ్ల టేబుల్ చాలు.

6. పొగ, రంగు

బిర్యానీ కుండ చుట్టూ, పాన్ మీద, పిల్లల ఐస్‌క్రీమ్ మీద తెల్లటి పొగ. రీల్స్‌లో బాగుంటుంది. ఆ పొగ వచ్చేది ద్రవ నత్రజని నుంచో, డ్రై ఐస్ నుంచో. మొదటిదాని వేడిమి మైనస్ 196 డిగ్రీలు, రెండోది మైనస్ 78. పూర్తిగా ఆవిరి కాకముందే నోట్లోకి, కడుపులోకి వెళితే లోపల కాలినంత పని చేస్తుంది. 2024లో ఇదే బెంగళూరులో ఒక పెళ్లి విందులో స్మోక్ పాన్ తిన్న 12 ఏళ్ల అమ్మాయికి కడుపులో రంధ్రం పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దావణగెరెలో స్మోక్ బిస్కెట్ తిన్న పిల్లవాడు బాధతో మెలికలు తిరిగిన వీడియో కూడా ఆ ఏడాదిదే. అదే ఏడాది తమిళనాడు, కర్ణాటక ఆహార భద్రతా విభాగాలు రెండూ దీని మీద ఆదేశాలు ఇచ్చాయి. అయినా పెద్దవాళ్ల టేబుళ్ల మీదికి పొగ ఇంకా వస్తూనే ఉంది, పక్కన పిల్లలు చేయి చాపుతూనే ఉన్నారు.

రంగు విషయం కూడా మీకు తెలుసు. 2024 మార్చిలో గోబీ మంచూరియాలో, జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులను కర్ణాటక నిషేధించింది. మిరపకాయకు మనవాళ్లకు కరువేముంది? బ్యాడిగి మిరప ఈ రాష్ట్రానిదే, గుంటూరు మిరప మనది. ఎరుపు వాటి నుంచి రానివ్వండి. తిన్నాక సబ్బుతో మూడుసార్లు కడిగినా పోని ఎరుపు మాకు వద్దు.

7. నీళ్లు

కూర్చోగానే అడగకుండా సీసా మూత తీసేస్తారు. ఎమ్మార్పీ మీద ఎక్కువ వేశారని మేము పేచీ పెట్టడం లేదు. హోటళ్లు ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు నీళ్లు కావాలా, సీసా కావాలా అని అడిగి, మామూలువి అన్నప్పుడు మొహం మాడ్చుకోకుండా జగ్గు తెచ్చిపెట్టండి.

8. ఐదు నక్షత్రాలు

చేయి కడుక్కుని వచ్చేసరికి కుర్రాడు తన ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాడు. ‘సార్, గూగుల్‌లో ఫైవ్ స్టార్, నా పేరు కూడా రాయండి సార్.’ రోజుకు ఇన్ని రివ్యూలు తేవాలని పైనుంచి చెప్పారట. నాలుగు ఇద్దామనుకున్నా అతని మొహం చూసి ఐదు నొక్కుతాం. అలా వచ్చిన నక్షత్రాలను చూసి ఇంకో కుటుంబం ఇంకో ప్రాంతం నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో మీ దగ్గరికి వస్తుంది. ఆ కుర్రాళ్లు శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, అస్సాం నుంచి వచ్చి రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు. యూపీఐ వచ్చాక మేము టేబుల్ మీద వదిలే చిల్లర కూడా వాళ్లకు పోయింది. సర్వీస్ ఛార్జీ పేరుతో మీరు తీసుకున్నది వాళ్లకు ఎంత వెళుతోందని అడిగితే, వాళ్లు తల దించుకుని ప్లేట్లు తీస్తారు. ఇదీ మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి.

రీల్స్ తీసేవాళ్లకు మంచి టేబుళ్లు, రింగ్ లైట్లు, అరగంట సమయం ఇచ్చి, టోకెన్ పట్టుకున్న మా చంటిపిల్లల తల్లులను బయట నిలబెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాం.

9. ఎంత పెడుతున్నారు?

సింగిల్, జంబో, ఫ్యామిలీ, బకెట్. ఇవి కొలతలా? ఒక చోట జంబో ముగ్గురికి వస్తుంది, ఇంకోచోట ఇద్దరికి చాలదు. సెంట్రల్ లైసెన్స్ ఉన్న, లేదా పది అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో ప్రతి వంటకం ఎదురుగా వడ్డించే పరిమాణం, అందులో కేలరీలు రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఏ వంటకంలో పల్లీలు, జీడిపప్పు, పాలు లాంటి అలర్జీ కలిగించేవి ఉన్నాయో కూడా చెప్పాలి. మీలో పది శాఖలు దాటినవాళ్లు తక్కువేమీ లేరు. చిన్నవాళ్లకు ఈ నిబంధన లేదు, కానీ ‘ముక్కలు ఎన్ని, ఎంతమందికి’ అని రాయడానికి నిబంధన ఎందుకు?

10. భాష

గుమ్మం మీద బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం సవరించారు, మీరూ మార్చారు. లోపల మెనూ మాత్రం మొత్తం ఇంగ్లిష్. ‘స్లో కుక్డ్ లెంటిల్స్ విత్ టెంపర్డ్ గార్లిక్’ అంటే పప్పు అని మా అమ్మకు చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని మీరు తీసేశారు.

ఇక మేము అడుగుతున్నవి:

క) ప్రతి టేబుల్‌కూ కనీసం ఒక అచ్చు మెనూ. కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ మూడింటిలో, ధరతో, పరిమాణంతో, పెద్ద అక్షరాలతో. లామినేట్ చేస్తే తుడుచుకోవచ్చు. క్యూఆర్ కోడ్ ఉంచుకోండి, ఇష్టమైనవాళ్లు వాడతారు. కానీ నంబరు, ఓటీపీ లేకుండా తెరుచుకోవాలి.

ఖ) సర్వీస్ ఛార్జీ, స్టాఫ్ వెల్ఫేర్, ఇంకే పేరైనా సరే, బిల్లులో ముందే కలపడం ఆపండి. మీ స్టాఫ్ మీద ప్రేమ ఉంటే జీతం పెంచి, ఆ మేరకు ధర పెంచండి. దాంతోపాటు వడ్డించినవాళ్ల ఖాతాకే నేరుగా వెళ్లేలా టిప్పుకు వేరే యూపీఐ కోడ్ పెట్టండి, లేదా కౌంటర్ మీద డబ్బా పెట్టండి. ఎంత ఇవ్వాలో మేము చూసుకుంటాం. మీరు అనుకున్నంత పిసినారులం కాదు.

గ) మీల్స్ అని బోర్డు మీద రాస్తే అన్నం, పప్పు, చారు, పెరుగుకు మారు వడ్డన ఉండాలి. పెట్టలేకపోతే బోర్డు మీద ‘ప్లేట్ మీల్స్’ అని రాయండి. మోసం లేదు, గొడవ లేదు.

ఘ) శని ఆదివారాల మధ్యాహ్నాలు ఒక గది గానీ, ఒక వైపు గానీ పాటలు లేకుండా, దీపాలు పూర్తిగా వెలిగించి ఉంచండి. అది ముందు నిండుతుందో లేదో మీరే చూడండి. దీనికి మీకు పైసా ఖర్చు లేదు.

ఙ) పిల్లలు కూర్చున్న టేబుల్‌కు ద్రవ నత్రజని, డ్రై ఐస్ రాకూడదు. ఇందులో బేరం లేదు.

చ) రివ్యూల లెక్క పెట్టి కుర్రాళ్ల జీతం కోయడం, వాళ్లను మా మీదికి తోలడం మానండి. మాకు నచ్చితే మేమే రాస్తాం.

సంఘాల బాధ్యులకు ఒక ప్రత్యేక విన్నపం. సర్వీస్ ఛార్జీ మీద మీ సభ్యులకు ఒక సర్క్యులర్ పంపండి. తీర్పు ఏం చెప్పిందో అందులో ఉన్నది ఉన్నట్టు రాయండి. కౌంటర్ దగ్గర కూర్చునే క్యాషియర్‌కు ఆ విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టే అతను మాతో పోట్లాడుతున్నాడు, మేము అతనితో పోట్లాడుతున్నాం. మీరు మాత్రం ఎక్కడో ఏసీ గదిలో ఉన్నారు.

ఈ ఉత్తరం చదివే తోటి తెలుగువాళ్లకు: బిల్లు కట్టే ముందు ఒక నిమిషం చదవండి. సర్వీస్ ఛార్జీ ఉంటే తీసేయమని మర్యాదగా అడగండి. క్యాషియర్ మీద అరవొద్దు, ఆ నిర్ణయం అతనిది కాదు. తీయనంటే బిల్లు ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ‘మెనూ కార్డు తెచ్చి ఇవ్వండి’ అని అడిగి, తెచ్చేవరకు ఆర్డర్ ఇవ్వకండి. పది టేబుళ్లు అలా కూర్చుంటే కార్డులు వాటంతటవే అచ్చవుతాయి.

యజమానులు మాతో కూర్చుని మాట్లాడతామంటే మేము సిద్ధం. మీ హోటల్‌లోనే, ఏ పనిరోజు మధ్యాహ్నమైనా, భోజనం వేళ దాటాక. భోజనం డబ్బులు మేమే కట్టుకుంటాం. రెండు నెలలు చూస్తాం. ఆ తర్వాత కూడా బిల్లులో ఆ వరుస అలాగే ఉంటే, మా దగ్గర ఉన్న బిల్లులన్నీ కలిపి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఒకే ఫిర్యాదుగా పంపుతాం. పొగ, రంగుల సంగతి విడిగా రాష్ట్ర ఆహార భద్రతా విభాగానికి వెళుతుంది, దానికి రెండు నెలల గడువు కూడా లేదు.

ఇట్లు,
మీ దగ్గర భోంచేసే తెలుగు కుటుంబాలు,
మహదేవపుర, బెళ్లందూరు ప్రాంతం, బెంగళూరు